సగటున విరగని దూలం

దుప్పటికి ఒక అంచు ఆమె పట్టుకుంది, రెండోది అత్తగారు పట్టుకున్నారు. మడత సగంలో ఉండగా భర్త గుమ్మంలోకి వచ్చి, "ఈతకొలను ఫైలు బల్ల మీద పెట్టాను. కాస్త చూసిపెట్టు" అన్నాడు.

పదకొండేళ్లుగా ఆమె కాస్త చూసిపెడుతూనే ఉంది. ఇద్దరూ ఒకే క్లాసులో చదివిన ఇంజనీర్లు. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చేవని నలుగురిలో ఆయనే నవ్వుతూ చెబుతాడు. పాప పుట్టాక, "నువ్వు ఇంట్లో ఉంటే పాపనీ చూసుకున్నట్టుంటుంది, నా ఆఫీసు పనీ అవుతుంది" అన్నాడు. ఆ మాటలో బలవంతమేమీ లేదు. అందుకే ఎదురు చెప్పడానికి ఆమెకు సందు దొరకలేదు. పాత కట్టడాల్లో కాంక్రీటు లోపలి ఇనుము ఎంత తుప్పు పట్టింది, ఆ తుప్పు ఉబ్బి కాంక్రీటును ఎప్పటికి పగలగొడుతుంది అన్నది కంప్యూటర్లో నమూనా కట్టి తేల్చడం ఆమె పని. పొయ్యి మీద పాలు కాగేలోపు ఒక దూలం, పాప హోంవర్కు అయ్యేలోపు ఇంకొకటి. ఆమె తేల్చిన లెక్క తేల్చినట్టే వెళ్లేది, కింద సంతకం ఆయనది. "మేడమ్ ఏం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అనేవాడు. అబద్ధం కూడా కాదు.

ఈతకొలను పక్కన ప్రేక్షకులు కూర్చునే గ్యాలరీ ఉంది. దాన్ని ఆరు దూలాలు మోస్తున్నాయి. ఒక్కొక్క దూలం నుంచి తొలిచి తీసిన కాంక్రీటు పొడిలో, ఇనుముని తుప్పు పట్టించే ఉప్పు ఎంత చేరిందో ల్యాబు వాళ్లు రాసి పంపారు. అయిదింటిలో తక్కువే. మెట్ల పక్క దూలంలో మాత్రం మిగతావాటికి నాలుగింతలు. ఆమె మూడుసార్లు లెక్క కట్టింది. మూడుసార్లూ ఒకటే జవాబు వచ్చింది: ఆ దూలం ఇప్పటికే లోపల పగిలి ఉండాలి.

"ఆరింటికీ కలిపి సగటు వేసెయ్. పదేళ్లు ఢోకా లేదని వస్తుంది" అన్నాడాయన.

"దూలం సగటున విరగదు. ఒక్కచోటే విరుగుతుంది."

"ఆదివారం పోటీలున్నాయి, నాలుగొందల మంది వస్తారు. మేనేజరుకి మాటిచ్చేశాను. నువ్వు గోరంతని కొండంత చెయ్యకు."

ఆమె సగటు వెయ్యలేదు. రెండు రోజుల తరవాత కంప్యూటరు తెరిస్తే, సగటు వేసి, పదేళ్లని రాసి, సంతకం పెట్టి పంపేసిన నివేదిక కనిపించింది. కోపం వస్తుందేమోనని ఒక్క క్షణం చూసింది. రాలేదు. లేచి తన లెక్కను ప్రింటు తీసుకుంది. ఉద్యోగం మానేసినా ఇంజనీరుగా తన లైసెన్సును ఏటా పొడిగించుకుంటూనే ఉంది. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. కింద తన పేరు, తన నంబరు రాసి సంతకం పెట్టింది.

చెప్పులేసుకుంటుంటే అత్తగారు హాల్లోంచి తల తిప్పారు.

"ఎక్కడికి? వాడికి తెలుసా?"

"తెలీదు అత్తయ్యా."

ఆవిడ కాసేపు ఆమె చేతిలోని కాగితాల వంకే చూశారు. "సరే, పాపని బడి నుంచి నేను తీసుకొస్తాలే" అన్నారు.

గ్యాలరీ కింద కొత్త రంగు వాసన వేస్తోంది. పైన పటారం, లోన లొటారం. మేనేజరు ఆమెను గుర్తుపట్టి తలుపు దగ్గరే, "సారు రిపోర్టు వచ్చేసిందిగా అమ్మా?" అన్నాడు. ఆమె సంచిలోంచి చిన్న సుత్తి తీసి మొదటి దూలాన్ని తట్టింది. ఖణేల్‌మంది. రెండోది, మూడోది కూడా అంతే. మెట్ల పక్క దూలాన్ని తట్టేసరికి ఖాళీ కుండ మీద కొట్టినట్టు డొల్లగా మోగింది. ఇంకో దెబ్బకి రొట్టె అంత పెచ్చు ఊడి నేల మీద పడింది. లోపల ఇనుప కడ్డీ పొరలు పొరలుగా ఉబ్బి ఉంది. మేనేజరు దాన్ని వేలితో ముట్టుకున్నాడు. వేలి కింద ఎర్రటి పొడి రాలింది.

మేనేజరు వెంటనే గ్యాలరీ గేటు మూయించి తాళం తనే వేశాడు. ఆదివారం పోటీలు వాయిదా అని ఫోనులో ఎవరికో చెప్పాడు. ఆమె ఇచ్చిన కాగితాలు తీసుకుని, కింద ఉన్న పేరు ఒకటికి రెండుసార్లు చదివాడు. అప్పుడు అతని మొహంలో ఇంకో భయం కనిపించింది.

"అమ్మా, మూడేళ్ల కింద మా నీళ్ల ట్యాంకుకి కూడా సారే రిపోర్టిచ్చారు. దాని కిందే పిల్లలు బట్టలు మార్చుకుంటారు. ఇప్పుడు దాన్నెట్లా నమ్మేది?"

ఇలా అడుగుతారని ఆమె అనుకోలేదు. సాయంత్రం ఇంట్లో వినబోయే మాటలు, వరసతో సహా ఆమెకు తెలుసు. సుత్తి సంచిలో పెట్టుకుంది.

"దాన్ని నమ్మొచ్చండీ. ఆ లెక్క నేను చేసిందే."