తాడు గుంజితే చప్పట్లు

రామచంద్రపురంలో ఓ బడి మరుగుదొడ్ల వెనక, నీడ అన్నదే లేని చోట, చిట్టియ్య రబ్బరు సూట్లోకి రెండో కాలు దూర్చాడు. బళ్ళు తెరిచారు గానీ ఎండ ఇంకా రోహిణిలోనే ఉంది. నిన్నటి చెమట ఆరని రబ్బరు ఒంటికి జలగలా పట్టుకుంది. వలతాళ్ళు కోసిన అరచేతులు, ఉప్పుగాలికి మాడిన మొహం, వంగిపోయిన భుజాలు. ఇవేవీ పిల్లలకు కనపడకూడదు. వాళ్ళకు కనపడాల్సింది వీరుడు. మూడు వందల ఏళ్ళ కిందట కోరంగి ఎదుట మునిగిన డచ్చి ఓడను సముద్రం అడుగుకు దిగి వెతికే వీరుడు.

నిజంగా వెతికేది సముద్రం మీద యంత్రాల బోటు. ఒడ్డు మీద చిట్టియ్యది వేషం. ఓడను వెతికించే సంస్థ వ్యాను బడి బడికీ వెళ్తుంది, పిల్లలకు చరిత్ర మీద ప్రేమ పుట్టిస్తుంది, ఆ ఫొటోలు దాతలకు వెళ్తాయి.

డ్రైవరు బుల్లియ్య ఇత్తడిరంగు పూసిన, మొహం దగ్గర అద్దమున్న ఇనప టోపీ మోసుకొచ్చాడు.

"ఇయ్యాల బంగారం దొరికితే నాకూ వాటా పెట్టు బావా."

"నీకు లేకుండానా. ఆగు, అమ్మగారితో ఓ మాటుంది."

కార్యక్రమం నడిపే ఫణిశ్రీ ఫోనులోంచి తలెత్తకుండానే వచ్చింది.

"యంత్రాల బోటు సారుతో సెప్పేరా అమ్మా? మావోడి బోటు సంగతి."

"మళ్ళీ మొదలెట్టారా బాబాయ్? చెప్తానన్నాగా. ముందు షో కానివ్వండి."

కిందటేడు తుఫానులో చిట్టియ్య కొడుకు నూకరాజు బోటు ఉప్పాడ తిరిగి రాలేదు. వెతికినవాళ్ళు వారం తిరక్కుండానే చేతులు దులుపుకున్నారు. శవం లేదు, కర్మ లేదు. బొట్టు పెట్టుకోవాలో తుడుచుకోవాలో తెలియక కోడలు దుర్గాశ్రీ అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. ఎప్పుడో పోయిన దొరల కోసం సముద్రాన్ని జల్లెడ పట్టేవాళ్ళు, మొన్న వేటకెళ్ళిన కుర్రాడి కోసం ఒక్కపూట చూడరా? చూస్తారనే చిట్టియ్య ఈ వేషం కట్టాడు. పోయాడన్న మాట ఒక్కటి చాలు అతనికి. ఆ మాట పట్టుకెళ్ళి కోడలికి ఇవ్వాలి.

బుల్లియ్య టోపీ దించి, మెడ వెనక బోల్టులు పానాతో బిగించాడు. పానా జేబులో వేసుకుని టీకి పోయాడు. వేసుకున్నవాడు తనంతట తాను విప్పుకోలేడు.

నడుముకు కట్టిన తాడు రెండో కొస ముందువరస పిల్లల చేతుల్లో ఉంది. నీటి అడుగున ఉన్నవాడు తాడు గట్టిగా గుంజితే పైకి లాగమని అర్థం. చిట్టియ్య ఆ సంగతి మొదట్లోనే చెప్పాడు. పిల్లలు జడుసుకుంటారని ఫణిశ్రీ దాన్ని మార్చేసింది.

"తాడు గుంజితే ఓడ దొరికినట్టు. అందరూ చప్పట్లు కొట్టాలి, సరేనా?"

"సరే మేడమ్."

ఇనప బూట్లతో చిట్టియ్య మైదానంలో అడుగులో అడుగు వేశాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. టోపీ లోపల పెనం మీదున్నట్టుంది. వరండాలో తెర మీద, యంత్రాల బోటు తీసిన సముద్రం అడుగు బొమ్మ వేశారు.

"మేడమ్, ఆ మూల నల్లగా ఉన్నదేంటండీ?" ఎనిమిదో తరగతి హేమశ్రీ అడిగింది.

"అదా, చెత్తమ్మా. ఈమధ్య మునిగిన ఫిషింగ్ బోటు. పక్కన ఆ రెండు చక్రాలు టైర్లు. చలికాలంలోనే కనపడింది, వదిలేశాం."

"అందులో మనుషులున్నారా అండీ?"

"అది మన సబ్జెక్టు కాదు."

ఫణిశ్రీ మైకు మాట టోపీ లోపలికీ వినపడింది. చిట్టియ్య టోపీ అద్దంలోంచి చూశాడు. బోటు ఎడమపక్కన రెండు లారీ టైర్లు. జెట్టీకి కొట్టుకోకుండా నూకరాజు బోటుకు పక్కపక్కన తన చేత్తో కట్టినవి. చలికాలం నుంచీ వీళ్ళకు తెలుసు. చలికాలం నుంచీ రోజూ అడుగుతున్నాడు. అరిచాడు. ఆ అరుపు ఇనుములోనే తిరిగి తిరిగి అతని చెవుల్లోనే పడింది. తాడు గుంజాడు. చప్పట్లు. ఇంకా గట్టిగా గుంజాడు. ఇంకా గట్టిగా చప్పట్లు. ఈడ్చుకుంటూ తెర దాకా వెళ్ళి, రబ్బరు చేతిని ఆ టైర్ల మీద ఆనించి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"చూశారా, ఎంత బాగా చేశారో," అంది ఫణిశ్రీ. "అలాగే ఉండండి బాబాయ్, గ్రూపు ఫొటో."

పిల్లలు చుట్టూ చేరి రెండు వేళ్ళు చూపించారు. ఫొటో తీశారు.

"మేడమ్, ఈయన లేవట్లేదండీ," అంది హేమశ్రీ.

పానా కోసం వెతికారు. బుల్లియ్య టీకొట్టు నుంచి పరుగెత్తుకొచ్చి బోల్టులు తిప్పాడు. టోపీ ఊడేసరికి చిట్టియ్య పెదాలు నల్లబడ్డాయి. కళ్ళు తెర వైపే ఉన్నాయి.

ఫణిశ్రీ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. ఈలోగా ఫోను మోగింది. రేపు కాకినాడ బడికి ఎన్నింటికొస్తున్నారని. ముక్కు తుడుచుకుని, వస్తున్నామండీ అంది. ఆటోలో శవం పక్కన కూర్చున్న బుల్లియ్యకు, కోడలికి ఏం చెప్పాలో ఎవరూ చెప్పలేదు. టైర్ల సంగతి తెలిసినవాడు ఒక్కడే, వాడు పోయాడు.

వ్యాను వెనకసీట్లో ఇత్తడిరంగు టోపీ పడుంది. దాని అద్దానికి లోపలివైపున ఊపిరి ఆవిరి ఇంకా ఆరలేదు.