రైలు నీళ్ళు

ట్యాంకరు నిండేదాకా జయమ్మ బిందె నిండదు. పొద్దుట్నుంచీ మారేనపల్లి పాత స్టేషను బావి దగ్గరే నిలబడి ఉంది. కాలనీ బోరింగు ఎండిపోయింది. ఇంట్లో మనవరాలు జ్వరంతో నీళ్ళు, నీళ్ళు అంటోంది.

ఊరి పెద్ద శ్రీనివాసప్ప మోటారు బావిని తోడి ట్యాంకరులో పోస్తోంది. అది యలహంక అపార్టుమెంట్లకు పోతుంది, ట్యాంకరు మూడువందల రూపాయలకు. గిలకా చేంతాడూ ఇంకా ఉన్నాయి. ఊరవతల కాలనీ వాళ్ళు వాటిని ముట్టకూడదు, ముడితే మైల. ఆయన మనిషి తోడి, ఎత్తున నిలబడి పోస్తే కింద పట్టుకోవాలి.

ఈ బావి నీళ్ళే జయమ్మ మొగుడు నారాయణప్ప ఈ ప్లాట్‌ఫారం మీద అందరికీ పోశాడు. చిన్న రైలు తిరిగిన రోజుల్లో రైల్వే వాళ్ళ నీళ్ళ మనిషి అతను. బండి వస్తోందని వరండాలో రైలు పట్టా ముక్క గంట మోగిందా, ఇక అవి రైలు నీళ్ళు. వాటికి మైల లేదని ఊరి పెద్దలే తేల్చుకున్నారు. చిక్కబళ్ళాపురం కాలేజీకి పోయేటప్పుడు శ్రీనివాసప్పా ఆ చేతి నీళ్ళు తాగినవాడే. బండి కదిలిందంటే మాత్రం మైల మళ్ళీ వచ్చేది.

తొంభైల్లో బండే ఆగిపోయింది. పెద్ద లైను ఊరికి దూరంగా పోయింది. పట్టాలు పీకేశారు. నారాయణప్ప మాత్రం రైలు వేళకు కుండ నింపుకుని వచ్చి కూర్చునేవాడు. నిరుడు ఆ కుండ పక్కనే ఒరిగిపోయాడు. ఇప్పటికీ ఆ వేళకు జయమ్మకు చెంబు ముంచిన చప్పుడు వినిపిస్తుంది. ఇప్పుడూ వినిపించింది.

"అప్పా, ఒక్క బిందె. పాపకి నాలిక పిడచ కట్టుండాది. నేనే తోడుకుంటా."

బెంచీ మీద శ్రీనివాసప్ప వక్కాకు నములుతూ నవ్వాడు. "తోడుకో, నేనేమన్నా వద్దంటినా? మీ మొగోని బండి రానీ, తోడుకో. యాడుండాది బండి?"

"బండి సీటీ నేను కొడతాలే అవ్వా!" ట్యాంకరు డ్రైవరు హారను మోగించాడు.

జయమ్మ వరండాలోకి నడిచింది. పట్టా ముక్క దూలానికి వేలాడుతోంది. దాన్ని కొట్టే కడ్డీ నారాయణప్ప పెట్టిన గూట్లోనే ఉంది.

"ఎత్తుమీంచి పోస్తే పట్టుకునేది ఇంక నావల్ల కాదప్పా," అంది. కొట్టింది.

ఆ మోత పట్టాలు లేని కట్ట పొడుగునా పోయింది. డ్రైవరు నవ్వు ఆగింది. శ్రీనివాసప్ప తనకు తెలియకుండానే లేచాడు. ప్లాట్‌ఫారం అంచు నుంచి వెనక్కి జరిగి, తుమ్మ మొలిచిన కట్ట వైపు తల తిప్పి చూశాడు.

అతని వెనక, జయమ్మ తోడుతున్న బావి గిలక కిర్రుమంది.