శాలువా కప్పిన కెమెరా

నేను ఒక కెమెరాని. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు, బతికింది మాత్రం కొల్లివాడ ఎమ్మెల్యే ఆఫీసు గోడమీద. కంప్యూటర్ కంపెనీ పెట్టి బాగా సంపాదించిన ఉదయభాస్కర్, "నా ఆఫీసులో ఏం జరిగినా ఊరంతా ఫోన్లో చూడొచ్చు. ఈ కన్ను మూస్తే నన్ను దించెయ్యండి" అని ఓట్లడిగాడు. జనం ఆయన్ని గెలిపించారు. ఆయన నన్ను బిగించాడు.

మొదట్లో తిరనాళ్లే! అర్జీ ఇచ్చేవాళ్లు కూడా తల దువ్వుకుని వచ్చేవారు. నెల తిరిగేసరికి నా ముందు సగం కష్టం మింగేసి, మిగతా సగమే చెప్పడం మొదలెట్టారు. రోడ్డు, కొళాయి, వీధిదీపం. చూసేదాన్ని, చూపించేదాన్ని. జాలీ గీలీ నా శాఖ కాదు.

ఓ మధ్యాహ్నం చేపలమ్మే నాంచారమ్మ నా చూపుకందకుండా గుమ్మం పక్కనే ఆగిపోయింది. భాస్కర్ లేచి వెళ్లాడు. "ఆ కంటి ముందుకి నే రాను బాబూ. ఆడపిల్ల సంగతి" అని గొణిగింది. ఆయన ఓసారి నావైపు చూశాడు. ఊరికి వినిపించే మైకు ఆపి, ఎవరో సన్మానంలో కప్పిన శాలువా తెచ్చి నామీద వేశాడు. ఊరికి కనబడింది జరీ అంచే.

ఊరికి వినబడలేదు గానీ నాకు వినబడుతుందిగా! కౌన్సిలర్ కొడుకు ఆమె కూతురు స్నానం చేస్తుంటే ఫొటోలు తీశాడట. ఊరంతటికీ ఫోన్లో చూపిస్తానని బెదిరిస్తున్నాడట.

"పేరు బయటికొస్తే పిల్ల నూతిలో దూకుద్ది బాబూ."

"నా నోట రాదమ్మా."

భాస్కర్ మాటమీద పోలీసులు గుట్టుగా వాడి ఫోను లాక్కుని ఫొటోలు చెరిపేశారు. కౌన్సిలర్ ఆ కసి కడుపులో పెట్టుకుని, ఎమ్మెల్యే శాలువా చాటున బేరం కుదుర్చుకున్నాడని పుకారు లేపాడు.

జనం ఆఫీసు మీద పడ్డారు. "ఎవరొచ్చారు? ఎంతిచ్చారు? చెప్పాలి!" గుంపులో నాంచారమ్మా ఉంది. నోరు మెదపని ఆమెను పక్కవాళ్లు అనుమానంగా చూశారు. అంతే, చెయ్యెత్తింది. "చెప్పాల! చెప్పాల!" అందరికన్నా ఆమె గొంతే పెద్దది.

భాస్కర్ ఆమెను చూశాడు. ఒక్క మాటంటే ఆయన పరువు దక్కేది. చూపు నావైపు తిప్పుకుని, "చెప్పను" అన్నాడు.

ఎన్నికల్లో డిపాజిట్టు కూడా రాలేదు. కొత్తాయన నన్ను ఊడబీకించి పాతసామాన్ల గదిలో పడేయించాడు. బాధా? ఏమో, ఏమీ తెలియడం లేదు. ఒకటి మాత్రం వినండి. నాంచారమ్మ అన్నాను గానీ, అది ఆమె పేరు కాదు. ఆమె చేపలూ అమ్మదు.