సన్ననూలు పడుగు

సాగర్ ప్రాజెక్టు పని మొదలైన కొత్తలో, పానగల్ అవతల ఉన్న ఒక సాలెవాడకు చేనేత సొసైటీ తొలిసారి సన్ననూలు పంపింది. అదీ ఒక్క సిద్దయ్య ఇంటికే. చీరలు బాగా దిగితే ఏడాది పొడుగునా సన్ననూలే ఇస్తామనీ, పడుగు చెడితే మళ్ళీ ఎప్పటి దొడ్డు పంచెలే నేసుకోవాలనీ సెక్రటరీ చెప్పిపోయాడు. ఆ రెండో మాట వినిపించనట్టే సిద్దయ్య తలూపాడు గానీ, ఆనాటి నుంచి అతనికి అన్నం సయించలేదు.

పడుగుకు గంజి పెట్టడం ఒక్కడి పని కాదు. పొద్దు పొడవకముందే నూలంతా వీధి పొడుగునా చాపి గంజి పట్టించాలి. అది ఆరేలోగా, రెండు మూరల కుంచెను ఇద్దరు చెరో కొన పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు దువ్వుతూ నడవాలి. ఆడవాళ్ళు తెగిన పోగులు అతకాలి. ఇవాళ నీ పడుగు, రేపు నాది. ఆ వాడలో దానికి పిలుపులు లేవు. పడుగు వీధిలోకి వచ్చిందంటే అదే పిలుపు.

సిద్దయ్య కుంచెకు రెండో కొన ఇరవై ఏళ్ళుగా ఎదురింటి ధర్మయ్యది. వరసకు బావ. మనిషి మహా నిదానం. నడుమ నడుమ ఆగి ఎవరినో ఒకరిని పలకరిస్తాడు.

"నీతోని నడిస్తే పెండ్లి ఊరేగింపే బావా" అని సిద్దయ్య ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

ఈసారి ఆట ముదిరింది. పడుగు చాపే ముందురోజు అరుగు మీద, నలుగురూ వింటుండగా అనేశాడు.

"సన్ననూలు బావా, జల్ది ఆరుతది. రేపు నువ్వు జర ఆరాం చెయ్యి. మా అల్లుడు పోచయ్యను రమ్మన్న."

ధర్మయ్య ఆకు నమలడం ఆపాడు. "మంచిదే" అని, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

"ఆయన మొకం చూసినవా?" అంది సిద్దయ్య భార్య ఆండాళు.

"మొకాలు చూసుకుంట కూసుంటే నూలు చెడ్తది."

"నూలొక్కటే చెడ్తదా" అని ఆమె గంజి కుండ పొయ్యి మీదికెత్తింది.

తెల్లవారుజామున వాడకట్టంతా వచ్చింది. ధర్మయ్య తలుపు మాత్రం తెరుచుకోలేదు. పోచయ్య కండలు తిరిగిన పాతికేళ్ళవాడు. అతను పట్టగానే కుంచె గుర్రబ్బండిలా కదిలింది. పది అడుగులకు ఒక పోగు తెగింది. ఇంకో పది అడుగులకు నాలుగు తెగాయి.

"మెల్లగ రా అల్లుడా."

"నేను నీ ఎంబడే వస్తున్న మామా. ఉరుకుతున్నది నువ్వు."

సిద్దయ్య నమ్మలేదు. పోగులు అతుకుతున్న బిక్షమ్మ తలెత్తకుండానే అంది: "నిజమే అన్నా. నీది ఎప్పుడూ ఉరుకుడే. పట్టి ఆపేటోడు ఇయ్యాల లేడు."

ఎండ వీధిలోకి దిగింది. నడిమి భాగంలో పోగులు ఒకదానికొకటి అంటుకోవడం మొదలైంది. అక్కడ గంజి బిగుసుకుంటే పడుగు కట్టెపుల్లే, మగ్గానికి పనికిరాదు. అందరూ ఎదురింటి తలుపు వంక చూశారు. వెళ్ళవలసింది ఎవరో సిద్దయ్యకు తెలుసు. కుంచె ఆండాళు చేతికిచ్చి వీధి దాటాడు. తలుపు ముందు నిలబడ్డాడు.

"బావా, పడుగు ఆరిపోతాంది."

తలుపు వెంటనే తెరుచుకుంది. పంచె ఎగ్గట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని ధర్మయ్య అక్కడే నిలబడి ఉన్నాడు.

"కోడి కూసినకాడికెళ్ళి గిట్లనే నిలబడ్డడు" అంది వెనక నుంచి అతని భార్య అమృతమ్మ. "చాయ గూడ తాగలే."

"వద్దన్నంక ఎట్ల వస్త?" అన్నాడు ధర్మయ్య, అప్పటికే వీధిలో నడుస్తూ. "ఇంకో ఘడియ చూసి, సిగ్గిడిచి వద్దామనే అనుకున్న."

"మరి నేనో?" అన్నాడు పోచయ్య కుంచె వదులుతూ.

"నువ్వు నీళ్ళు చిలకరించు పిలగా. నీ చెయ్యి దూరం పోతది."

ఈసారి సిద్దయ్య తన కొనను గాక అవతలి కొనను గమనించాడు. పోగులు అంటుకున్నచోట అది ఆగింది. ధర్మయ్య పక్కన నిలబడ్డ బాలయ్యను పంట ఎట్లుందని అడిగాడు. అడుగుతూనే మణికట్టుతో పోగులు విడదీశాడు. తడి ఉన్నచోట చకచకా సాగాడు. ఇరవై ఏళ్ళ ముచ్చట్లన్నీ నూలు ఆగమన్నచోటనే పెట్టాడన్నమాట. సిద్దయ్యకు చెవులు వెచ్చబడ్డాయి. అడుగు తగ్గించి, అవతలి చెయ్యి కదిలినప్పుడే కదిలాడు. అంతలో తూర్పున చిన్న మబ్బు తునక సూర్యుడికి అడ్డం వచ్చి, రెండు దువ్వుళ్ళు అయ్యేదాకా కదల్లేదు.

పోగులు విడివడ్డాయి. పడుగు దక్కింది. తెగినవి మాత్రం డెబ్బై దాకా తేలాయి. ఎప్పుడూ ఆడవాళ్ళకు వదిలేసే ఆ పనికి సిద్దయ్య కూడా వచ్చి, వాళ్ళ వరసలోనే గొంతుకూర్చున్నాడు.

అతని మొదటి ముడి చూసి అమృతమ్మ నవ్వింది. "గది ముడా అన్నా, ఎద్దును కట్టేసినవా?"

"నేర్పు చెల్లె" అన్నాడు సిద్దయ్య, ఇంకో పోగు అందుకుంటూ.