పెగ్గీకి ఇవ్వాల్సిన సీసా

సామానంతా సర్దేశాక జనార్దన్ ముందు ఉసిరికాయ తొక్కు సీసా ఒక్కటే మిగిలింది. అది సొంతూరు నిర్మల్‌కు తీసుకుపోవాల్సింది కాదు. ఈ ఎడారి దేశం విడిచిపోయే అనుమతి, ఖురూజ్, వచ్చేసింది, ఎల్లుండి అతను యాన్బు విడిచి ఇక తిరిగి రాకుండా వెళ్ళిపోతున్నాడు. ఆలోపు ఆ సీసా పెగ్గీ చేతికి చేరాలి.

పెగ్గీని అతనెప్పుడూ చూడలేదు. భార్య సులోచన ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో, డ్యూటీ దిగి సాయంత్రం వెళ్ళిన ప్రతిసారీ ఆ పేరే చెప్పేది.

"ఇయ్యాల పెగ్గీ నా తల దువ్వింది చూడు. పాపిట వంకర తీసింది గని, మంచిగనే ఉంది. పాపం, ఉప్పూ కారం లేని సప్పటి తిండి తింటదట. నా చేతి తొక్కు తినిపియ్యాలె. గప్పటిదాంక నువ్వు ఆ సీస మూత తియ్యకు."

అతను తియ్యలేదు. ఒక మధ్యాహ్నం, అతను నీళ్ళ ప్లాంటు ల్యాబులో ఉండగానే ఆమె పోయింది. వెళ్ళేసరికి ముఖం మీద దుప్పటి కప్పి ఉంది. తెలిసిన మనిషి ఒక్కరైనా పక్కన లేకుండా పోయిందన్న మాట అప్పటినుంచి అతన్ని అన్నం ముద్ద దగ్గర కూడా వదల్లేదు.

ఆ తర్వాత సీసా పట్టుకుని రెండుసార్లు ఆస్పత్రికి వెళ్ళాడు. వార్డులో ఆయాగా పనిచేసే కడప మనిషి మాబున్నీ రెండుసార్లూ ఒకే మాట చెప్పింది.

"పెగ్గీ అని ఈడ ఎవురూ లేరన్నా. అందరినీ అడిగితి. జరంలో అక్క ఏమన్నా కలవరించిందేమో."

ఎవరూ లేనిచోట సులోచన ఒక మనిషిని కల్పించుకుందేమో అనుకుంటే అతనికి మరింత దిగులు వేసేది.

ఈరోజు ల్యాబులో అతనికి వీడ్కోలు భోజనం. మేనేజరు బిల్ ఇంగ్లండు మనిషి, అసలు పేరు విలియం. కొత్తగా వచ్చిన మనిషిని పరిచయం చేస్తూ, "ఇతను రాబర్ట్. బాబ్ అంటే చాలు" అన్నాడు. విలియం బిల్ కావడం ఆ ఒక్క మనిషి సరదా అని ఇన్నాళ్ళూ అనుకున్న జనార్దన్‌కు చేతిలో ముద్ద ఆగిపోయింది.

"సార్, పెగ్గీ అన్నది కూడా ఇట్లా ఏదో పేరుకు ముద్దుపేరేనా?"

"మార్గరెట్" అన్నాడు బిల్, కోడిముక్క నములుతూనే. "మా పిన్ని పేరు అదే. మార్గరెట్ పెగ్గీ ఎట్లా అయిందని మాత్రం అడక్కు. ఇంట్లోవాళ్ళు పిలుస్తారు, అంతే."

సాయంత్రం సీసాతో ఆస్పత్రికి వెళ్ళి ఆ పేరు చెబితే మాబున్నీ నోరు నొక్కుకుంది. "మార్గరెట్ సిస్టరా? ఆయమ్మ పక్కన నిలబడాలంటేనే మాకు బయం. నువ్వు పోయి పెగ్గీ అను, సూదేసి పంపుతాది."

వార్డు చివరి బల్ల దగ్గర నెరిసిన జుట్టు, పొడుగాటి ఐరిష్ మనిషి ఏదో రాసుకుంటోంది. జనార్దన్ ఎదురుగా నిలబడి మెల్లగా అడిగాడు.

"పెగ్గీ అంటే మీరేనా?"

కలం ఆగింది. "ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"నా భార్య."

ఆమె తలెత్తి అతన్నీ, సీసానీ చూసింది. "నువ్వు బుచ్చి భర్తవా?"

జనార్దన్ అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు. అది సులోచన చిన్ననాటి పేరు, అత్తగారింట్లో విన్నది. అత్తగారు పోయాక దానితో పిలిచేవాళ్ళు లేకపోయారు. అతనికి మొదటినుంచీ "ఇగో", "ఇంటున్నవా" అనడమే అలవాటు.

"సులోచన అని నాకు నోరు తిరగలేదు" అంది పెగ్గీ. "మీ అమ్మ ఏమని పిలిచేదని సైగలతో అడిగాను. చెప్పింది. తర్వాత నన్నూ అడిగింది. మా అమ్మ పోయాక నన్నలా పిలిచింది బుచ్చి ఒక్కతే."

అతను తల వంచుకుని విన్నాడు.

"ఆ మధ్యాహ్నం కూడా పక్కనే ఉన్నాను. బుచ్చీ, బుచ్చీ అని పిలుస్తూనే ఉన్నాను. కళ్ళు తెరవలేదు కానీ నా వేలు వదల్లేదు. అంతా అయ్యాక పక్క వార్డులో అర్జంటని పిలిచారు. లేకపోతే నువ్వు వచ్చేదాకా ఆగేదాన్ని."

జనార్దన్ సీసా ఆమె ముందుకు జరిపాడు.

"బుచ్చి పంపింది" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ పేరు అతని నోట రావడం అదే మొదలు.

పెగ్గీ మూత తీసి వాసన చూసింది. ఘాటుకో మరెందుకో కళ్ళు తుడుచుకుంది. "ఎంత తినాలి?"

"కొంచెమే. వేడన్నంలో."

మూత గట్టిగా బిగించి సీసాను తన సంచిలో పెట్టుకుంది. తన ప్రయాణం ఎల్లుండేనని జనార్దన్ చెప్పాడు. తలుపు దగ్గర మాబున్నీ తుడుపుకర్ర పట్టుకుని నోరు తెరుచుకుని చూస్తోంది.

"నువ్వు కూడా వెళ్ళిపోతే ఇక్కడ ఆ పేరు తెలిసినవాళ్ళు ఉండరు" అంది పెగ్గీ. "ఒకసారి పిలిచి వెళ్ళు."

జనార్దన్ లేచాడు. ఇక రానని ఇద్దరికీ తెలిసినా, ఆమెకు తెలుగు రాదని తెలిసినా, గడప దాటేముందు అనే మాటే అన్నాడు.

"పొయ్యొస్త, పెగ్గీ."