అంటించని నోటీసు

మైదాపిండి ఉడుకుతుంటే గరిట ఆపకూడదు. ఆపితే ఉండలు కడుతుంది. ఉండలు కట్టిన బంకతో అంటిస్తే కాగితం మీద పొక్కులు లేస్తాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా చేస్తున్న పని కాబట్టి, మెట్ల కింద గదిలో కరెంటు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఆయన ఇంకేదో ఆలోచిస్తున్నా గరిట తన దారిన తాను తిరుగుతూనే ఉంది. చిక్కబడగానే చిటికెడు మైలుతుత్తం వేశాడు. అది వెయ్యకపోతే బంకకి పురుగు పడుతుంది. పురుగుకి ర్యాంకుల జాబితా, ఫెయిలైనవాళ్ల జాబితా అన్న తేడా లేదు, రెండూ తింటుంది.

విశ్వవిద్యాలయంలో ఆయన ఉద్యోగం పేరు అటెండరు. చేసే పని నోటీసులు అంటించడం. పొడవాటి వరండాలో వరసగా నాలుగు చెక్క బోర్డులున్నాయి. పిల్లలు ఆయన్ని బోర్డు బాబాయి అంటారు. అసలు పేరు జీతాల సెక్షన్‌కి తెలుసు, ఇంట్లో ఆవిడకి తెలుసు, మిగతా లోకానికి ఎప్పుడూ అవసరం పడలేదు. సన్నటి మనిషి. చెవి వెనక దారంతో కట్టిన కళ్లజోడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ బంకకి తడిసి, ఎండి, పగిలి, పైచర్మం పొలుసులు పొలుసులుగా లేచి ఉంటుంది. చదివింది పదో తరగతే గానీ, అంటించే ప్రతి కాగితాన్నీ పైనుంచి కింది సంతకం దాకా చదవనిదే బ్రష్షు ముట్టుకోడు. ఆ లెక్కన ఈ భవనంలో అన్ని శాఖల సంగతులూ తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆ మాట మాత్రం ఎవరూ అనరు.

తొమ్మిదింటికి సెక్షన్ గుమాస్తా నోటీసుల రిజిస్టరు పట్టుకొచ్చాడు. ఆ రోజు అంటించాల్సినవి అందులో వరసగా రాసి ఉంటాయి: నంబరు, విషయం, తేదీ, చివర "బోర్డులో అంటించడమైనది" అన్న గడి, దాని పక్కన సంతకం. న్యాయంగా అయితే అంటించాకే సంతకం పెట్టాలి. కానీ కాగితాలు ఒక్కొక్కటే పదకొండు దాకా వస్తూనే ఉంటాయి. అప్పటికి చేతులనిండా బంక. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఆ చేతుల్తో సంతకం పెడితే రెండు పేజీలు అతుక్కుపోయి, గుమాస్తా నానా తిట్లూ తిట్టాడు. అప్పటినుంచీ సంతకం ముందు, బంక తరవాత. ఒకటీ అరా నోటీసు పైన ఆగిపోతే ఆగిపోతుంది, అడిగేవాడు ఎవడు?

ఆ సంతకమంటే ఆయనకి చెప్పలేనంత గర్వం. ఎనిమిదేళ్ల కిందట ఒక కుర్రాడు, పరీక్ష దరఖాస్తు గడువు నోటీసు బోర్డులో అసలు పెట్టలేదని గొడవ చేశాడు. విచారణ జరిగింది. విచారణకి కూర్చున్న పెద్దాయన రిజిస్టరు తెప్పించి చూసి, "ఇతని సంతకం ఉందంటే నోటీసు ఉన్నట్టే" అని అక్కడికక్కడే తేల్చేశాడు. కుర్రాడికి ఏడాది పోయింది. బోర్డు బాబాయి మాత్రం ఆ మాట ఇంటికెళ్లి ఆవిడకి మూడుసార్లు చెప్పాడు.

"బాబాయ్, నా పేరేమైనా వచ్చిందా ఇవాళ?"

తిరిగి చూడకుండానే ఆయనకి తెలుసు. పొడుగు పిల్ల. పరిశోధన రెండో ఏడు. భుజానికి సంచి, చేతిలో ఎప్పుడూ సగం తిన్న బన్ను.

"నీ పేరొస్తే మైకు పెట్టి చెప్తాలే తల్లీ. పో, చదువుకో పో."

"నవ్వులాట కాదు. నిజంగా చెప్తారా?"

"బంక ఆరకముందే నీకు చెప్తాను. సరేనా?"

నెల రోజులుగా ఇదే వరస. నవ్వుతూనే అడుగుతుంది గానీ, బోర్డు మీద కళ్లు ఒక్కసారి ఆ చివరినుంచి ఈ చివరికి పరుగెత్తుతాయి. ఊరికే కాదు ఆ భయం. ఎవరి థీసిస్ అయినా ఆఖరి పరీక్షకి వచ్చినప్పుడు ఈ బోర్డుమీద నోటీసు పెడతారు. దాని కింద "ఆసక్తిగలవారందరూ హాజరై ప్రశ్నలు అడగవచ్చును" అని ఉంటుంది. ఆ వాక్యాన్ని ఆయన కొన్ని వందలసార్లు అంటించాడు. బిస్కెట్లూ టీ కోసం వచ్చేవాళ్లే తప్ప, ప్రశ్న అడిగినవాళ్లని చూసిన పాపాన పోలేదు. పోయిన నెల ఈ పిల్ల లేచి అడిగింది. థీసిస్ రాసిన సీనియర్ వేదిక మీద, అతని గైడు అయిన డీన్ గారు ముందు వరసలో. "ఇందులో మూడో అధ్యాయం, డీన్ గారి పేరుతో పోయినేడు వచ్చిన పుస్తకంలో మక్కీకి మక్కీ ఉంది. ఇంతకీ రాసిందెవరు?" పాపం ఆ సీనియర్, తన బూట్లకేసి చూస్తూ నిలబడిపోయాడు. కుర్చీలు సర్దడానికి వెళ్లిన బోర్డు బాబాయి తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు. విని, లోలోపల కాస్త మురిశాడు కూడా. తను అంటించిన వాక్యాన్ని ఇన్నాళ్లకి ఒకళ్లు చదివారు.

పదకొండుకి గుమాస్తా మళ్లీ వచ్చాడు. ఒకే కాగితం.

"ఇది అర్జంటు. ఆ పిల్లకి చేతికి కూడా ఇచ్చి రమ్మని మనిషిని పంపించారు."

ఆయన అలవాటు ప్రకారం పైనుంచి చదివాడు. పరిశోధక విద్యార్థిని బహిరంగ సభలో అనుచితంగా ప్రవర్తించినందుకు విచారణ సంఘం నియమించడమైనది. విచారణకు హాజరు కావలసిందిగా కోరుతూ రెండు వందల పద్నాలుగో నంబరు నోటీసును వారం రోజులపాటు బోర్డులో ప్రదర్శించడమైనది. అయినను సదరు విద్యార్థిని హాజరు కానందున పేరు తొలగించడమైనది. నేడు మధ్యాహ్నం రెండు గంటలలోగా హాస్టలు ఖాళీ చేయవలెను.

రెండోసారి చదివాడు.

"ఈ రెండొందల పద్నాలుగో నోటీసు నేను అంటించలేదే!"

గుమాస్తా రిజిస్టరు తెరిచి, పదకొండు రోజుల కిందటి పేజీ తీసి, వేలు పెట్టి చూపించాడు. ఆ రోజు ఐదు వరసలు. ఐదో వరస రెండు వందల పద్నాలుగు. పక్కనే ఆయన సంతకం, వంకర లేకుండా, తీరిగ్గా. ఆ రోజు వచ్చిన కాగితాలు నాలుగే. ఐదోది ఆగిపోయిందనుకున్నాడు. అడగలేదు.

"నన్నేం అడక్కు బాబాయ్. రాయమన్నది రాశాను" అని గుమాస్తా రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పిల్లకి తెలియకూడనిదాన్ని గోడమీద పెట్టామన్నారు, తెలియాల్సినదాన్ని మాత్రం చేతికే అందించారు. ఎంత తెలివి! ఆయనకి ఒళ్లు మండింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నేరుగా డీన్ గారి గదికి వెళ్లాడు. అడక్కుండా లోపలికి వెళ్లగలిగిన అటెండరు ఆయనొక్కడే. దానికో కారణం ఉంది.

ఇరవై రెండేళ్ల కిందట ఈ డీన్ గారు చిరిగిన చెప్పుల కుర్రాడు. చేత్తో రాసిన గోడపత్రిక ఒకటి తెచ్చి నాలుగో బోర్డు మీద అంటించేవాడు. అందులో అప్పటి పెద్దల్ని ఏకిపారేశాడని, వెంటనే గీకెయ్యమని ఆయనకి హుకుం వచ్చింది. "బంక ఊడి రావటం లేదు సార్" అని మూడు రోజులు సాగదీశాడు. నిజానికి అది ఊడకుండా బంకలో జిగురు కలిపింది ఆయనే. ఆ మూడు రోజుల్లో యూనివర్సిటీ మొత్తం చదివేసింది. ఫలితంగా ఆయనకో మెమో, పరీక్షల గోదాములో ఏడాదిపాటు మూటలు కట్టే పని. ఆ కుర్రాడు గోదాముకొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని, "బాబాయ్, నీ బోర్డు లేకపోతే మాకు నోరే లేదు" అన్నాడు. ఆయన మళ్లీ బోర్డుల పనికి వచ్చాక, మెట్ల కింద గదిలో గంటలు గంటలు స్టూలు మీద కూర్చుని ఆ పని చూస్తూ కబుర్లు చెప్పేవాడు.

"రా బాబాయ్, కూర్చో. టీ చెప్పనా?" అన్నాడు డీన్ గారు.

"ఆ రెండొందల పద్నాలుగో నోటీసు నేను అంటించలేదు సార్."

"సంతకం ఎవరిది?"

"నాదే. కానీ నేను ముందు పెడతాను కదా, మీకు తెలుసు కదా..."

మాట నోట్లోంచి బయటికొచ్చాకే ఆయనకి వెలిగింది. తెలుసు. ఈ భవనంలో ఆ సంగతి తెలిసినవాళ్లు ముగ్గురే. తను, గుమాస్తా, స్టూలు మీద కూర్చుని అన్నీ చూసిన ఆ కుర్రాడు.

"అబ్బాయీ, నువ్వా?" అన్నాడు. ఇరవై రెండేళ్ల తరవాత ఆ పిలుపు.

డీన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు. అది చూసే ఆయనకి భయం వేసింది.

"అంటించలేదని రాసిస్తావా? రాసివ్వు బాబాయ్, వద్దనను. కానీ ఏమని రాస్తావు? అంటించకుండా సంతకం పెట్టానని. ఎన్నిసార్లు పెట్టావు అలా? ముప్ఫై ఏళ్ల రిజిస్టర్లు తిరగేస్తారు. ఆ పరీక్ష దరఖాస్తు కుర్రాడు గుర్తున్నాడా? నీ సంతకం చూపించేగా వాడి నోరు మూయించింది. ఆ రోజు నువ్వు అంటించావనే నీకు గ్యారంటీ ఉందా?"

"నీ గోడపత్రిక కోసం నేను గోదాములో మూటలు మోశాను."

"అవన్నీ మర్చిపోతానా? అందుకేగా నువ్వంటే నాకంత నమ్మకం."

బయటికి ఎలా వచ్చాడో ఆయనకి గుర్తులేదు. మెట్ల కింద గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అన్నం డబ్బా తెరవలేదు. ఎంత తవ్వినా ఆ ఎనిమిదేళ్ల కిందటి రోజు గుర్తుకు రావడం లేదు. ఆ కుర్రాడు మాత్రం గుర్తొస్తున్నాడు. విచారణ అయ్యాక వరండాలో నిలబడి, "నేను రోజూ చూశానండీ, నిజంగా లేదండీ" అని ఏడ్చాడు. "పోవోయ్, నా సంతకం ఉందిగా" అన్నాడు తను. కసురుకున్నాడు కూడా. ఒకవేళ నిజంగానే లేదేమో! ఇన్నేళ్లుగా తన గుండెల మీద పతకంలా పెట్టుకున్న మాట, ఒక పిల్లవాడి ఏడాదిని మింగిన అబద్ధమేమో! తను నమ్మినవాడు ఎంత పని చేశాడు. పోనీ నమ్మినవాడు చేశాడు సరే, తన చెయ్యేం చేసినట్టు?

లేవాలి, పిల్లకి చెప్పాలి అనుకుంటూనే గంటన్నర కూర్చుండిపోయాడు. అది పిరికితనమని ఆయనకి తెలుసు. తెలిసీ కూర్చున్నాడు.

ఒంటిగంటన్నరకి కలం తీశాడు. "రెండు వందల పద్నాలుగో నోటీసు నాకు ఇవ్వలేదు. నేను అంటించలేదు. సంతకాలు అంటించకముందే పెట్టడం నా అలవాటు. ఈ తప్పు చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆ అమ్మాయికి విచారణ సంగతి తెలియదు." కింద పేరు రాశాడు, అసలు పేరు. పరిపాలనా భవనానికి పట్టుకెళ్తే, కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర క్యూ. వంతు వచ్చేసరికి రెండున్నర. కిటికీలో మనిషి చదివి, జాలిగా తలెత్తాడు.

"బాబాయ్, నీ కాగితం నువ్వు నేరుగా ఇవ్వకూడదుగా. మీ డీన్ గారి ద్వారా రావాలి."

"ఆయన మీదే గదయ్యా ఇచ్చేది!"

"అయినా సరే, ఆయన ద్వారానే రావాలి. రూలు."

ఆయనకి నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట వచ్చిన నవ్వు. వెనక్కొచ్చి, పొద్దున్నే ఉడికించిన బంక తీసి, నాలుగో బోర్డు నడిమధ్యలో ఆ కాగితం తనే అంటించాడు. ఇద్దరు పిల్లలు ఆగి చదవడం మొదలుపెట్టారు. ఇంకో ఇద్దరు వచ్చారు. ఆయన వాళ్ల మొహాలు చూడకుండా, చేతులైనా కడుక్కోకుండా, ఆడపిల్లల హాస్టలు వైపు నడిచాడు.

గేటు దగ్గర ఆయా చీపురు పట్టుకుని నిలబడి ఉంది. లావుపాటి మనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరేనా బోర్డు బాబాయి?"

"అవునమ్మా. ఆ పొడుగమ్మాయి..."

"రెండింటి బస్సుకి వెళ్లిపోయింది. ఆగమన్నా ఆగలేదు. ఫోన్ చేస్తే ఎత్తటం లేదు."

ఆయన గేటు కమ్మీ పట్టుకున్నాడు.

"ఏమైనా అందా?"

ఆయా చెప్పాలా వద్దా అన్నట్టు చూసింది. తరవాత చెప్పేసింది.

"కాగితం రాగానే గట్టిగా నవ్విందండీ. ఇదంతా కల్లబొల్లి, బోర్డులో వచ్చుంటే బాబాయి నాకు చెప్పకుండా ఉంటాడా, ఆయన్నే సాక్షిగా తీసుకొస్తానంటూ పన్నెండింటికి మీ ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడ ఏదో పుస్తకం చూపించారంట. మీ సంతకం చూసిందంట. తిరిగొచ్చాక ఇంక ఒక్క ముక్క మాట్లాడలేదు. బట్టలు సంచిలో కుక్కుకుని వెళ్లిపోయింది."

పన్నెండింటికి. తను తలుపు వేసుకుని కూర్చున్నప్పుడు. ఆఫీసుకీ మెట్ల కింద గదికీ మధ్య ఇరవై అడుగులు కూడా ఉండదు. డీన్ తనకేం చేశాడో, తను ఆ పిల్లకి అదే చేశాడు. నమ్మకం పెట్టుకున్నచోటే దెబ్బ. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పిల్ల ఇప్పుడు డీన్‌ని తిట్టుకోదు, తననే తిట్టుకుంటుంది. తిట్టుకున్నా బాగుండు. అసలు మాట్లాడటమే మానేసిందట.

ఆయన గేటు పక్క అరుగు మీద కూలబడి, బంక చేతుల్తోనే మొహం కప్పుకుని ఏడ్చాడు. ఏదో ఒక మాట అనాలి కాబట్టి ఆయా అంది.

"ఆ పిల్ల గది కడిగించమన్నారు. దీన్నెక్కడ పెట్టాలో తెలీక ఇక్కడ పెట్టానండీ. పొద్దున లైబ్రరీకి వెళ్తూ నానబెట్టుకుంది. సాయంత్రం వచ్చి ఉతుక్కుంటానంది."

గోడ వారగా నీలం ప్లాస్టిక్ బకెట్టు ఉంది. దాని మీద ఎర్ర గోళ్లరంగుతో గది నంబరు. నురగంతా ఎప్పుడో చచ్చిపోయి సబ్బు నీళ్ల మీద తెల్లటి పొర కట్టింది. ఆ పొర కింద, రేపటికి వేసుకుందామనుకున్న పచ్చచొక్కా ఒకటి, రెండు చేతులూ లోపలికి మడిచి, ఇంకా నానుతూనే ఉంది.