నలభై బారలు

సముద్రపు వేడితో కరెంటు తీసే ప్లాంటుకు డ్రాయింగులు గీసేవాణ్ణి నేను. అడుగునుంచి చల్లటి నీరు తోడి, పనయ్యాక మళ్లీ సముద్రంలోకే వదలాలి. 2014 ఎండాకాలంలో సర్వే కోసం శ్రీకూర్మం దగ్గరి తీరానికి వెళ్లాను. చేపలమ్మే చిన్నతల్లి నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్లి, చేతిని నీళ్లలో ముంచింది. వల వేసేముందు అక్కడివాళ్లు నీటిని అలాగే చూస్తారు.

"సల్లగున్నాది సూడు! నీ గొట్టమే సేపల్ని తోలేసింది!"

"మా పంపు ఇంకా రానేలేదమ్మా. గాలికి అడుగునీరు పైకొచ్చింది, అంతే."

ఆమె ఇసకలో కూలబడి నవ్వేసింది. "బతికించినావు బాబూ! గాలి మళ్లితే సేపొస్తాది."

నాకూ ప్రాణం లేచొచ్చింది.

"మరి పంపొచ్చినాక ఆ సల్లనీరు ఎక్కడొదుల్తావు?"

నా డ్రాయింగులో ఆ నీరు వదిలే గొట్టం మూతి సముద్రపు పైభాగంలోనే ఉంది. "పైనే," అన్నాను.

ఆమె రెండు చేతులూ బారుగా చాచింది. "ఇది బార. ఇలాటివి నలభై దింపు. అక్కడ్నించి లాగిన వల ఎప్పుడూ సల్లగే ఉంటాది, నీ సల్లనీరు అక్కడి సేపకి తేడా తెలీదు."

నాలుగోరోజు గాలి మళ్లింది, వలల్లో నెత్తళ్ల చేపలు పడ్డాయి. గొట్టాన్ని నలభై బారలకు దించి కొత్తగా గీశాను.

పాత డ్రాయింగు మీద సంతకాలు పెట్టినవాళ్లం పదకొండుమందిమి. సంతకం పెట్టేముందు ఒక్కరమూ నీళ్లలో చెయ్యి పెట్టలేదు.